పెద్దవాళ్ళకి ఊపిరితిత్తుల జబ్బు అన్నారా? ఆ మాట ఖాయమో కాదో వరసగా ఎలా తేల్చుకోవాలి

పోయినేడు మా అమ్మ జబ్బు గొడవ అయ్యాక తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళ తాలూకు వాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "మా నాన్నగారికి ఐఎల్‌డీ అన్నారండి, నిజమేనంటారా", "మా అత్తయ్యకి టీబీ మందులు మొదలెట్టేశారు, గళ్ళలో మాత్రం ఏం లేదంట, ఆపేద్దామా" అని. (ఐఎల్‌డీ అంటే ఊపిరితిత్తుల లోపలి కణజాలం వాచి, గట్టిపడే జబ్బుల గుంపు; గళ్ళ అంటే దగ్గితే వచ్చే కఫం.) ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాను, వైజాగ్ సీతమ్మధారలో ఉండే మామూలు ఉద్యోగిని, 73 ఏళ్ళ అమ్మని పట్టుకుని ఎనిమిది నెలలు ఓపీల చుట్టూ తిరిగినవాణ్ణి. జబ్బు ఎలా కనిపెట్టాలో ఇందులో ఉండదు, కనిపెట్టామన్నవాళ్ళని ఏం అడగాలో, ఏ కాగితం చేతిలో పట్టుకుని అడగాలో ఉంటుంది.

ముందే ఒక మాట చెప్పేస్తా. మా అమ్మకి మొదట చెప్పిన జబ్బు లేదని తేలింది, కానీ ఇంకో ఊపిరితిత్తుల జబ్బు ఉందని తేలింది, దానికి తోడు గుండె సమస్య కూడా. "మీ అమ్మకి ఏం లేదు బాబూ, ఇంటికి తీసుకెళ్ళు" అని ఎవరూ అనలేదు. ఆ మాట కోసమే తిరిగేవాళ్ళు నాలుగో డాక్టర్ దగ్గరో ఐదో డాక్టర్ దగ్గరో ఎవరో ఒకరు అనేదాకా తిరుగుతారు, అది వేరే ప్రమాదం.

1. ముందు ఇప్పుడు ప్రమాదం ఉందో లేదో చూడండి

కింద రాసిన వాటిలో ఒక్కటి ఉన్నా ఈ గైడు పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి, డయాగ్నసిస్ సంగతి తర్వాత.

- కూర్చున్నచోటే ఆయాసం, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం
- పెదాలు, గోళ్ళు నీలంగా మారడం
- మత్తుగా ఉండటం, తికమకగా మాట్లాడటం, మనల్ని గుర్తుపట్టకపోవడం
- గళ్ళలో రక్తం
- ఉన్నట్టుండి ఛాతీలో ఒక పక్క నొప్పితో ఆయాసం
- కదలకుండా కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 90 కంటే తక్కువ, అది వాళ్ళకి ఎప్పుడూ ఉండే నంబరు కానప్పుడు

పల్స్ ఆక్సీమీటరు పెట్టేటప్పుడు వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే తప్పు చూపించొచ్చు. చెయ్యి చల్లగా ఉన్నా అంతే, కాసేపు రుద్ది వేడెక్కాక పెట్టండి, నంబరు నిలకడగా ఆగేదాకా ఒక నిమిషం ఆగండి. ఒంటి రంగు ముదురుగా ఉన్నవాళ్ళకి అసలు కంటే కాస్త ఎక్కువ చూపించే అవకాశం ఉంది కాబట్టి 91, 92 వచ్చిందని నిశ్చింతగా కూర్చోకండి.

2. కాగితాలన్నీ పోగెయ్యండి

రిపోర్టులు లేకుండా రెండో డాక్టర్ దగ్గరకి వెళ్తే ఆయన మొదట్నుంచి మళ్ళీ టెస్టులు రాస్తాడు, అది ఆయన తప్పు కాదు. ఇంట్లో బీరువా మీద ఒకటి, మంచం కింద ఒకటి, అక్క ఇంట్లో ఒకటి ఉంటాయి, అన్నీ తెచ్చి తేదీల వరసలో పెట్టండి.

- డిశ్చార్జి సమ్మరీలు అన్నీ
- సీటీ స్కాన్ ఫిల్ము మాత్రమే కాదు, సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో అసలు బొమ్మలు
- పాత ఎక్స్‌రేలు, పదేళ్ళ కిందటివైనా పారెయ్యకండి
- స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేసి ఉంటే గ్రాఫుతో సహా ఆ కాగితం
- ఎకో (గుండె స్కాను), ఈసీజీ, రక్తపరీక్షలు, గళ్ళ పరీక్ష
- రాసిన ప్రతి ప్రిస్క్రిప్షను

పాత ఎక్స్‌రే గురించి నొక్కి చెప్తున్నా. మచ్చ కొత్తదా పాతదా అన్న ప్రశ్నకి సమాధానం సగంసార్లు దాంట్లోనే ఉంటుంది. 2011లో కూడా అదే చోట అదే మచ్చ ఉందని చూపించగలిగితే డాక్టర్ మాట్లాడే పద్ధతే మారిపోతుంది.

ఆసుపత్రి రికార్డులు ఇవ్వడానికి నసిగితే రాతపూర్వకంగా అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇండియన్ మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ రోగి తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నేనైతే నిబంధన పేరు ఎత్తకుండా "బావగారు అమెరికా నుంచి అడుగుతున్నారు సార్" అన్నా, సాయంత్రానికి సీడీ వచ్చేసింది.

3. అనుమానం ఎక్కడ జారిపోయిందో వెతకండి

ఈ మొత్తంలో ఒక్క పనే చేస్తా అంటే ఇది చెయ్యండి.

అమ్మకి జ్వరం, కాళ్ళ వాపులు, ఆయాసంతో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. చేరిన రెండో రోజే సీటీ తీశారు. సీటీ రిపోర్టు చివర రేడియాలజిస్టు రాసింది "ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ అయ్యుండొచ్చు, క్లినికల్ కోరిలేషన్ చూసుకోవాలి" అని. అంటే మనిషిని చూసి తేల్చుకోండి అని. డిశ్చార్జి సమ్మరీకి వచ్చేసరికి "ఐఎల్‌డీ" అని మూడక్షరాలే మిగిలాయి. తర్వాత షుగరు డాక్టర్ ప్రిస్క్రిప్షన్‌లో "కేసాఫ్ ఐఎల్‌డీ". అక్కణ్ణుంచి ఎవరి దగ్గరకెళ్ళినా అదే పేరు, "అయ్యుండొచ్చు" అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఎవరూ అబద్ధం రాయలేదు, ఒకరి కాగితంలోంచి ఇంకొకరి కాగితంలోకి ఎక్కించేటప్పుడు ఆ ముక్క రాలిపోయింది అంతే.

కాబట్టి ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గడులు గీయండి. తేదీ, ఎవరు రాశారు, ఏం మాట వాడారు. రిపోర్టుల్లో సజెస్టివ్ ఆఫ్, పాసిబుల్, ప్రాబబుల్, కెనాట్ రూల్ అవుట్, క్వశ్చన్ మార్కు, ఇలాంటి అనుమానపు మాటలు ఎక్కడున్నా గుండ్రం చుట్టండి. అలా చుట్టుకుంటూ పోతే ఏ తేదీ నుంచి ఆ గుండ్రాలు ఆగిపోయాయో, అనుమానం కాస్తా ఖాయం ఎప్పుడైందో కనిపిస్తుంది. ఆ రెండు తేదీల మధ్య కొత్త టెస్టు ఏదైనా జరిగిందా? జరిగితే మంచిదే. జరక్కపోతే మీరు డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

రిపోర్టులో కనపడితే కంగారు పడనక్కర్లేని మాటలు కూడా రెండు చెప్తా. "ప్రామినెంట్ బ్రాంకోవాస్క్యులర్ మార్కింగ్స్" అని పెద్దవాళ్ళ ఎక్స్‌రేల్లో చాలావాటికి రాస్తారు, అదొక్కటే జబ్బు కాదు. "ఫైబ్రోకాల్సిఫిక్ లీజన్స్, అప్పర్ లోబ్" అంటే చాలాసార్లు ఎప్పుడో వచ్చి మానిపోయిన టీబీ మచ్చ, ఇప్పుడు టీబీ ఉందని కాదు.

4. ఇంట్లో కూర్చుని మనిషి చరిత్ర రాయండి

ఓపీలో డాక్టర్‌కి దొరికేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో "స్మోకింగ్ ఉందా అమ్మా" అంటే మా అమ్మ ప్రతిసారీ "లేదు బాబూ" అనేసింది. నేనూ పక్కనే నిలబడి తలూపా. రెండో డాక్టర్ దగ్గరకి వెళ్ళే ముందు రోజు రాత్రి కాగితం పట్టుకుని కూర్చుని, అమ్మా నీ చిన్నప్పట్నుంచి చెప్పు అంటే అప్పుడు బయటపడింది.

"పొగ తాగేవా ఎప్పుడైనా?"

"సిగరెట్లు ఆడోళ్ళు కాలుస్తార్రా ఏటి?"

"చుట్ట?"

"చుట్టంటే... అది ఊళ్ళో అందరం కాల్చేవోళ్ళం కదా, అడ్డపొగ. మీ నాన్న పోయిన యేడు మానేశాను."

లెక్కేస్తే ముప్ఫయ్యేళ్ళ పైమాట. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దావిడలకి కొత్తేం కాదు, కానీ వాళ్ళ దృష్టిలో అది "స్మోకింగ్" కాదు. డాక్టర్ అడిగిన భాషలో లేదు అన్నారు, అంతే తేడా. కాబట్టి మన మాటల్లో అడగండి.

- చుట్ట, బీడీ, అడ్డపొగ: ఎన్నేళ్ళు, రోజుకి ఎన్ని
- కట్టెల పొయ్యి, ఊక పొయ్యి, పిడకలు: ఎన్నేళ్ళు, వంటగదికి కిటికీ ఉండేదా
- పని: వెల్డింగు, రాతి క్వారీ, క్రషరు, జనపనార మిల్లు, జీడిపిక్కల బట్టీ, బొగ్గు, సిమెంటు, పాత ఆస్బెస్టాస్ పని. "ఇప్పుడు రిటైరయ్యారు" అని వదిలెయ్యకండి, క్వారీ దుమ్ము ఇరవయ్యేళ్ళ తర్వాత బయటపడుతుంది
- పావురాలు: బాల్కనీలో, ఏసీ బయటి పెట్టె మీద గూళ్ళు ఉన్నాయా, గింజలు వేస్తారా. రెట్టల దుమ్ముతో వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే జబ్బు సీటీలో ఫైబ్రోసిస్‌లా (ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడినట్టు) కనిపించొచ్చు, మందు కంటే ముందు పావురాల్ని దూరం చెయ్యాలి
- ఇంతకుముందు టీబీ వచ్చిందా, మందులు ఎన్ని నెలలు వాడారు
- కీళ్ళవాతం, పొద్దున్నే వేళ్ళు బిగుసుకోవడం, కళ్ళు నోరు ఎండిపోవడం
- పడుకుంటే ఆయాసం ఎక్కువై లేచి కూర్చుంటే తగ్గుతుందా, ఎన్ని తలగడలు పెట్టుకుంటారు, కాళ్ళ వాపులు ఉన్నాయా
- దగ్గు ఎప్పుడు మొదలైంది, అప్పుడు కొత్తగా ఏం మందు మొదలైంది

తలగడల ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ గుండె వైపు చూపించేది అదే. అమ్మ మూడు తలగడలు పెట్టుకుంటోందని నాకు తెలుసు, నడుం నొప్పికేమో అనుకున్నా.

5. మందుల సంచీ బల్ల మీద బోర్లించండి

అన్ని మందులూ, ఆయుర్వేదం, కంటి చుక్కలు కూడా. ముఖ్యంగా ఇవి ఉన్నాయేమో చూడండి:

- బీపీకి రామిప్రిల్, ఎనాలాప్రిల్ లాంటివి. పొడి దగ్గు తెప్పిస్తాయి, డాక్టర్ మారిస్తే మామూలుగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది
- గ్లకోమాకి టిమోలాల్ కంటి చుక్కలు. కంట్లో వేసిందే కదా అనుకుంటాం, ఉబ్బసం ఉన్నవాళ్ళకి పిల్లికూతలు తెప్పించగలదు. ఛాతీ డాక్టర్‌కి కంటి చుక్కల సంగతి ఎవరూ చెప్పరు
- గుండె లయకి అమియోడరోన్, కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి నెలల తరబడి నైట్రోఫ్యూరంటాయిన్. ఈ మూడూ అరుదుగానైనా ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి

కనపడింది కదా అని మీరే ఆపెయ్యొద్దు. లిస్టులో రాసి, మొదలుపెట్టిన నెల పక్కన వేసి తీసుకెళ్ళండి.

6. ఏ పేరుకి ఏ పరీక్ష ఆధారమో చూసుకోండి

*సీఓపీడీ అంటే.* ఎక్కువగా పొగ, దుమ్ము వల్ల ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు. స్పైరోమెట్రీ లేకుండా ఈ పేరు ఖాయం కాదు. ఎక్స్‌రే చూసో, స్టెతస్కోపు పెట్టో అన్నది అనుమానం మాత్రమే. గొట్టంలోకి ఊదిస్తారు, తర్వాత ఊపిరి గొట్టాల్ని తెరిచే సాల్బ్యుటమాల్ నాలుగు పఫ్‌లు పీల్పించి పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తారు. ఆ రెండోసారి వచ్చిన ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి) బై ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి) నిష్పత్తి 0.70 కంటే తక్కువ ఉండాలి.

ఇక్కడ పెద్దవాళ్ళ విషయంలో ఒక మెలిక ఉంది. వయసుతో ఆ నిష్పత్తి దానంతటదే తగ్గుతుంది, 78 ఏళ్ళ మనిషికి 0.68 వచ్చిందంటే అది జబ్బు కాకుండా వయసు కూడా అయ్యుండొచ్చు. అందుకే "ఆ వయసుకి లోయర్ లిమిట్ ఆఫ్ నార్మల్ కంటే తక్కువ ఉందా సార్" అని అడగండి, అంటే ఆ వయసువాళ్ళకి మామూలుగా ఉండే కనిష్ఠం కంటే తక్కువా అని. అమ్మకి 0.58 వచ్చింది, అక్కడ వాదన ఏం లేదు.

*ఆస్తమా అంటే.* అదే పరీక్షలో మందు పీల్చాక ఎఫ్ఈవీ1 కనీసం 12 శాతం, 200 ఎం.ఎల్ పెరిగితే ఆస్తమాకి బలం. ఒక్కరోజు పెరగకపోయినా లేదని కాదు, మంచిగా ఉన్నరోజు చేస్తే మామూలుగానే వస్తుంది.

*ఐఎల్‌డీ, ఫైబ్రోసిస్ అంటే.* ఇక్కడ ఆగి చదవండి, ఎందుకంటే ఈ పేరుతోనే "రెండు మూడేళ్ళు" లాంటి మాటలు వస్తాయి, ఇంట్లో అందరూ కుప్పకూలిపోతారు, ఖరీదైన మందులు నెలనెలా మొదలవుతాయి.

మామూలు సీటీ చాలదు, హెచ్ఆర్‌సీటీ కావాలి, అంటే 1.5 మి.మీ లేదా అంతకంటే పల్చటి ముక్కలుగా, ఊపిరి నిండా పీల్చి బిగబట్టినప్పుడు తీసింది. వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే ఊపిరితిత్తుల వెనక కింద భాగం బరువుకి నొక్కుకుని తెల్లగా కనిపిస్తుంది, బోర్లా పడుకోబెట్టి తీస్తే అది మాయమైపోతే జబ్బు కాదు. పావురాల అనుమానం ఉంటే ఊపిరి వదిలాక కూడా తీయాలి. గుండె సరిగ్గా పనిచెయ్యక ఊపిరితిత్తుల్లో నీరు పట్టినప్పుడో, న్యుమోనియా నడుస్తున్నప్పుడో తీసిన సీటీ ఐఎల్‌డీలా కనిపించగలదు. మా అమ్మకి జరిగింది ఇదే.

అడగాల్సినవి:

- సీటీ తీసినరోజు జ్వరం, కాళ్ళ వాపు ఉన్నాయా
- బోర్లా పడుకోబెట్టి తీశారా
- ఎకో చేశారా, బీఎన్‌పీ లేదా ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ (గుండె మీద భారం చెప్పే రక్తపరీక్ష) చూశారా
- ఏఎన్ఏ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ లాంటి, కీళ్ళవాతం తరహా జబ్బుల్ని వెతికే రక్తపరీక్షలు అయ్యాయా
- డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి గాలి ఎంత బాగా చేరుతుందో చూసే పరీక్ష), ఆరు నిమిషాల నడక పరీక్ష అయ్యాయా
- వీపు వెనక కింద స్టెతస్కోపులో వెల్క్రో పీకినట్టు చప్పుడు వినిపించిందా, వేళ్ళ చివర్లు ఉబ్బాయా
- ఛాతీ డాక్టరు, రేడియాలజిస్టు కలిసి కూర్చుని చూశారా

ఆఖరిది ముఖ్యం. ఐఎల్‌డీని ఒక్క డాక్టర్ ఒక్క రిపోర్టుతో తేల్చడం కాదు, ఇద్దరు ముగ్గురు కలిసి తేల్చడం పద్ధతి. బయాప్సీ (ముక్క తీసి చూడటం) అందరికీ అక్కర్లేదు, సీటీలో తేనెపట్టు గూళ్ళలా స్పష్టంగా ఉంటే అది లేకుండానే చెప్తారు.

*టీబీ అంటే.* గళ్ళలో సూక్ష్మజీవి దొరికిందా? సీబీనాట్ లేదా ట్రూనాట్ (గళ్ళలో టీబీ సూక్ష్మజీవి జన్యువుని వెతికే పరీక్షలు) అయ్యిందా? ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్రీ. సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో చెప్పేస్తుంది, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. పొద్దున్నే నోరు నీళ్ళతో పుక్కిలించి, గట్టిగా లోపల్నుంచి దగ్గి తీసిన గళ్ళ ఇవ్వాలి, ఉమ్మి ఇస్తే వృథా. చర్మానికి సూది వేసి చూసే మాంటూ, రక్తంతో చేసే టీబీ గోల్డ్ అనే పరీక్ష పాజిటివ్ వస్తే టీబీ జబ్బు ఉందని కాదు, ఎప్పుడో సోకిందని మాత్రమే, మన దేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి వస్తుంది. రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ చెప్పే పరీక్షల్ని 2012లోనే నిషేధించారు, ఎవరైనా అది చూపిస్తే లెక్కలోకి తీసుకోకండి.

గళ్ళలో దొరక్కపోయినా టీబీ ఉండొచ్చు, డాక్టర్ అన్నీ చూసి మందులు మొదలుపెట్టడం తప్పేం కాదు. కానీ రెండు నెలలు వాడాక మచ్చ తగ్గకపోగా పెరిగితే బ్రాంకోస్కోపీ (ఊపిరి గొట్టంలోకి కెమెరా పంపి చూడటం), బయాప్సీ సంగతి గట్టిగా అడగండి. చుట్ట, బీడీ కాల్చినవాళ్ళలో టీబీ అనుకున్నది క్యాన్సర్ అయిన సందర్భాలు ఉంటాయి, అక్కడ పోయిన నెలలు తిరిగి రావు.

ఇవన్నీ కాక, రక్తం తక్కువైనా ఆయాసమే. హిమోగ్లోబిన్ కాగితం ఒకసారి చూడండి, ఇంత పెద్ద స్కానులు తీసి అది మర్చిపోతుంటారు.

7. స్పైరోమెట్రీకి తీసుకెళ్ళేటప్పుడు

సరిగ్గా ఊదకపోతే ఫలితం చెత్త, పెద్దవాళ్ళ విషయంలో ఇది తరచూ జరుగుతుంది. అమ్మ మొదటిసారి బుగ్గల్నిండా గాలి పట్టి బూరలా ఊదింది, టెక్నీషియన్ కుర్రాడు కసిరేసరికి ఇంకా బిగుసుకుపోయింది. ఇంట్లో ఒకరోజు ముందు అగ్గిపుల్ల వెలిగించి "దీన్ని దూరం నుంచి ఒక్క ఊపులో ఆర్పి, ఆపకుండా ఊదుతూనే ఉండు" అని నేర్పి తీసుకెళ్ళా, రెండోసారి బాగా వచ్చింది.

- ఇన్‌హేలర్లు ఎన్ని గంటల ముందు ఆపాలో ముందే అడగండి. వెంటనే పనిచేసే రకం సాధారణంగా 4 నుంచి 6 గంటలు, రోజుకి రెండుసార్లదో ఒకసారిదో అయితే 12 నుంచి 24 గంటలు లేదా ఇంకాస్త ఎక్కువ
- కడుపునిండా తిని వెళ్ళొద్దు, రెండు ఇడ్లీ చాలు
- బిగుతు జాకెట్టు, బిగించి కట్టిన చీర వద్దు
- కట్టుడు పళ్ళు వదులుగా లేకపోతే ఉంచుకోవచ్చు
- ఈమధ్య గుండెపోటు, కంటి శుక్లాల ఆపరేషన్, కడుపు ఆపరేషన్ అయితే ముందే చెప్పండి, వాయిదా వెయ్యాల్సి రావచ్చు
- కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి, అందులో బాగా వచ్చిన రెండూ 150 ఎం.ఎల్ లోపు తేడాతో ఉండాలి. ఒక్కసారి ఊదించి పంపించేస్తే మళ్ళీ చెయ్యమనండి

8. ముందు మొదటి డాక్టర్ దగ్గరకే వెళ్ళండి

చాలామంది ఈ మెట్టు ఎగ్గొట్టి నేరుగా హైదరాబాద్ రైలెక్కేస్తారు. వద్దు. మొదటాయనకి మీ అమ్మ కేసు తెలుసు, సగం సందేహాలు అక్కడే తీరొచ్చు.

ఎలా అడుగుతామన్నదాంట్లో చాలా ఉంది. "గూగుల్‌లో ఇలా ఉంది" అంటే సంభాషణ అక్కడితో అయిపోయినట్టే. నేను అడిగింది ఇలా: "సార్, సీటీ రిపోర్టులో అయ్యుండొచ్చు అని ఉంది, సమ్మరీలో ఖాయంగా ఉంది, మధ్యలో ఏ పరీక్షతో ఖాయమైందో చెప్తారా, ఇంట్లోవాళ్ళకి చెప్పాలి." ఆయన కాగితం తీసుకుని ఒక నిమిషం చూసి, "నీరు తగ్గాక రిపీట్ స్కాన్ చేద్దామనుకున్నాం, అది మిస్సయింది" అన్నారు. కోప్పడలేదు. ఆయన నిజాయితీకి ఇప్పటికీ దండం పెడతా.

మూడే ప్రశ్నలు తీసుకెళ్ళండి, పది కాదు.

- ఈ పేరు ఏ పరీక్ష మీద ఆధారపడి ఉంది?
- ఇది కాకపోతే ఇంకేం అయ్యుండొచ్చు, అది ఎలా తేలుతుంది?
- తేలేదాకా ఏ మందు తప్పనిసరి, ఏది ఆగొచ్చు?

పేషెంటు ముందే "ఎన్నాళ్ళు బతుకుతుంది" అని అడిగే చిన్నాన్నల్ని బయట కుర్చీలో కూర్చోబెట్టండి. ఇంటికొకరుంటారు.

9. వైజాగ్‌లో రెండో అభిప్రాయం

మనకి పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ, అంటువ్యాధుల ఆసుపత్రి ఉంది, పాతవాళ్ళు టీబీ ఆసుపత్రి అంటారు. ఆ పేరు విని "అక్కడికెళ్తే టీబీ అంటుకుంటుంది" అని భయపడి వెళ్ళనివాళ్ళు బోలెడు. ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం అది, రోజంతా ఊపిరితిత్తులు చూసేవాళ్ళే ఉంటారు, మాస్కు పెట్టుకుని పొద్దున్నే వెళ్ళండి. గుండె, కీళ్ళవాతం లాంటివి కూడా చూపించాల్సొస్తే మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. ప్రైవేటులో అయితే పల్మనాలజిస్టుకే (ఊపిరితిత్తుల డాక్టర్‌కే) చూపించండి, జనరల్ ఫిజిషియన్‌కి కాదు, మొదటి ఆసుపత్రికి సంబంధం లేని చోట చూపించండి.

వరస ఇలా పెట్టుకోండి:

- ముందు సీటీ సీడీని ఛాతీ స్కాన్లు ఎక్కువగా చూసే ఇంకో రేడియాలజిస్టు చేత మళ్ళీ చదివించండి. మనిషిని తిప్పక్కర్లేదు, సీడీ తిరిగితే చాలు
- తర్వాత పల్మనాలజిస్టుకి కాగితాలతో పాటు మీరు రాసిన ఒక్క పేజీ చరిత్ర ఇవ్వండి
- మొదటి డాక్టర్ ఏమన్నారో అడిగేదాకా చెప్పకండి, ముందు ఆయన సొంతంగా చూడనివ్వండి. అడిగితే మాత్రం దాచకండి
- రెండూ వేరుగా వస్తే మూడో డాక్టర్ దగ్గరకి పరిగెత్తే ముందు "ఏ ఒక్క పరీక్షతో ఈ తేడా తేలుతుంది" అని ఇద్దర్నీ అడగండి

పెద్దవాళ్ళని మండుటెండలో, ఈ సముద్రపు ఉక్కలో ఆటోల్లో తిప్పడం కూడా జబ్బే. ఆక్సిజన్ 92 ఉన్నవాళ్ళు మద్దిలపాలెం ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుంటే ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగరు. కాగితాలతో అయ్యే పని కాగితాలతోనే కానివ్వండి.

10. అందరూ చేసే తప్పులు

*మందు సొంతంగా ఆపడం.* నేనే చెయ్యబోయా. డిశ్చార్జిలో స్టెరాయిడ్ రాశారు, అమ్మకి షుగరు 300 దాటింది, ఐఎల్‌డీ కాదేమో అని అనుమానం రాగానే ఆ రాత్రే ఆపేద్దామనుకున్నా, అక్క ఫోన్‌లో తిట్టి ఆపింది. అయిదు వారాలు వాడిన స్టెరాయిడ్‌ని ఒక్కసారి ఆపితే ఒళ్ళు తట్టుకోలేదు, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్ మూడు వారాల్లో కొంచెం కొంచెం తగ్గించారు. టీబీ మందులూ అంతే, నాలుగు రోజులు వేసి మూడు రోజులు ఆపితే సూక్ష్మజీవి మందుకి లొంగకుండా తయారవుతుంది.

*మందు వల్ల తగ్గిందా, జబ్బే లేదా అని చూడకపోవడం.* ఏడు వారాల తర్వాత తీసిన సీటీ చాలావరకు శుభ్రంగా వచ్చింది. ఎగిరి గంతేశాం. కొత్త డాక్టర్ మాత్రం "స్టెరాయిడ్ వల్ల కూడా తగ్గి ఉండొచ్చు, ఆపాక మళ్ళీ చూద్దాం" అన్నారు. ఆపిన నాలుగు నెలలకి మళ్ళీ తీశాక, అప్పుడూ అలాగే ఉన్నాకనే ఆ పేరు కొట్టేశారు. ఆ నాలుగు నెలలు ఆగడం కష్టం, కానీ ఆగాలి.

*ఇన్‌హేలర్ పీల్చడం రాకుండానే పనిచెయ్యట్లేదనడం.* డబ్బా నొక్కాక పొగలా నోట్లోంచి బయటికొచ్చేస్తుంటే మందు లోపలికి వెళ్ళనట్టే. స్పేసరు గొట్టం పెట్టించండి, డాక్టర్ ముందు ఒకసారి పీల్చి చూపించమనండి.

*ఆక్సిజన్ ఎక్కువ పెడితే మంచిదనుకోవడం.* సీఓపీడీ ఉన్నవాళ్ళకి సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచుతారు, 99కి తీసుకెళ్ళాలని సిలిండరు తిప్పేస్తే మత్తులోకి జారిపోవచ్చు. మీ వాళ్ళకి ఎంత ఉంచాలో కాగితం మీద రాయించుకోండి.

*మనిషికి చెప్పకుండా అంతా నడిపించడం.* వారం రోజులు అమ్మకి తెలియకుండా తలుపు వేసుకుని మాట్లాడుకున్నాం. ఆవిడకి అన్నీ తెలుసు. "నాకేటైందో నాకు సెప్పకుండా మీరేటి గుసగుసలు" అని ఒకరోజు కంచం తోసేసింది. చెప్పాక పరీక్షలకి తనే ముందు తయారై కూర్చునేది.

11. తేలాక

రెండో డాక్టర్, రెండో రేడియాలజిస్టు, పరీక్షలు, అన్నీ మొదటి మాటే చెప్తే ఒప్పుకోండి. అప్పుడు మందు, వ్యాయామం, ఆక్సిజన్ గురించి మాట్లాడే టైమది. పేరు మారితే మాత్రం ఇంకో పని ఉంది: పాత పేరు ఇంకా కాగితాల్లో తిరుగుతూనే ఉంటుంది. "ఐఎల్‌డీ లేదు, సీఓపీడీ, గుండె సమస్య" అని కొత్త డాక్టర్ చేత ఒక లెటరు రాయించి, ఫైలులో అన్నిటికంటే పైన పెట్టండి, షుగరు డాక్టర్‌కి, కంటి డాక్టర్‌కి, ఇన్సూరెన్స్ ఉంటే అక్కడికీ ఒక్కో కాపీ. లేకపోతే ఏ రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళినా డ్యూటీలో ఉన్న డాక్టర్ పాత సమ్మరీ చూసి మళ్ళీ అదే ఎక్కిస్తాడు.

ఫైలు మొదటి పేజీలో ఉండాల్సినవి:

- ఇప్పుడున్న జబ్బుల పేర్లు, కొట్టేసిన పేరు, కొట్టేసిన తేదీ
- మందులు, డోసులు
- మామూలుగా ఉండే ఆక్సిజన్ నంబరు, నడిచాక నంబరు
- ఫ్లూ, న్యుమోనియా టీకాల తేదీలు
- తర్వాతి స్పైరోమెట్రీ, ఎకో ఎప్పుడో

అమ్మకి తర్వాతి డేటు సంక్రాంతి అయ్యాక వారానికి పడింది. ఈసారి ఊరెళ్ళినా భోగి మంట దగ్గరకి మాత్రం రానివ్వనని చెప్పా, పొగకి ఎదురుగాలి వైపు కుర్చీ వేస్తే కూర్చుంటానంటోంది. ఇంకా బేరం నడుస్తోంది.